మోసపోయినవాళ్ల మీద కెమెరా ఎంతసేపు ఉంటుంది?

(టీవీ రచన నేర్చుకుంటున్నవారి కోసం జరిగిన సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ముందు ఒక సీన్ చెప్తాను. నెట్‌ఫ్లిక్స్‌లో 2021 జనవరిలో వచ్చిన ఫ్రెంచ్ సిరీస్ 'లూపాన్', రెండో ఎపిసోడ్. హీరో అసాన్ డియోప్ పోలీసు వేషంలో ఒక ముసలావిడ ఇంటికి వెళ్తాడు. ఒమర్ సీ వేసిన పాత్ర. ఆరడుగులు దాటిన మనిషి, నవ్వితే ఎవరికైనా నమ్మాలనిపించే ముఖం. ఈ చుట్టుపక్కల దొంగలు తిరుగుతున్నారమ్మా, మీ నగలు మా దగ్గర భద్రంగా ఉంచుతాం అంటాడు. ఆవిడ నమ్ముతుంది. తన చేత్తోనే తీసి ఇస్తుంది.

ఇదే సంగతి పేపర్లో చదివామనుకోండి. పోలీసునని చెప్పి, ఒంటరిగా ఉండే పెద్దావిడ దగ్గర నగలన్నీ ఊడ్చుకుపోయాడట. ఒళ్లు మండిపోతుంది. టీవీలో చూస్తున్నప్పుడు మాత్రం మనం హాయిగా నవ్వుకుంటాం. అదెలా కుదిరింది? నగలు ఇస్తూ ఆవిడ మాటల్లో మాటగా ఒక సంగతి చెప్తుంది. తన భర్త ఆఫ్రికాలో బెల్జియం వలసగా ఉన్న బెల్జియన్ కాంగోలో ఉండేవాడని, ఆ వజ్రాలు అక్కడివేనని, తాము ఎంత సంపద మీద కూర్చున్నామో అక్కడి జనానికి తెలియదని. అంతే, లెక్క తారుమారైపోయింది. నగలు పోగొట్టుకుంటున్న మనిషి కాస్తా దొంగసొత్తు దాచుకున్న మనిషి అయింది. ఎదురుగా నిలబడ్డవాడేమో సెనెగల్ నుంచి వలస వచ్చిన తండ్రికి కొడుకు. ఇక మనకు అభ్యంతరం ఏముంటుంది?

నాకు ఆ సీన్ చాలా ఇష్టం. వలసపాలన దోపిడీ గురించి అంత తక్కువ మాటల్లో అంత సూటిగా చెప్పిన సీన్లు ఎక్కువ లేవు. అయితే రాసేవాళ్లుగా మనం ఇంకో పని కూడా చేయాలి. ఆ ఒక్క డైలాగు తీసేసి సీన్‌ని మళ్లీ ఊహించుకోవాలి. మిగతాదంతా అలాగే ఉంచండి. అదే నటుడు, అదే నవ్వు, అదే వేషం. చూడలేం. కాబట్టి ఈ రకం కథల్లో మనల్ని పట్టి ఉంచేది దొంగ అందచందాలు మాత్రమే కాదు. ఎదుటి మనిషిని ఎలా రాశారన్నది అంతకంటే పెద్ద విషయం. ఈరోజు నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

మంచి దొంగ కథ కొత్తదేమీ కాదు. 1899లో ఇంగ్లండ్‌లో ఇ.డబ్ల్యూ. హార్నుంగ్ 'రాఫుల్స్' అనే దొంగ పాత్రతో పుస్తకం తెచ్చాడు. పగలు క్రికెట్ ఆడే పెద్దమనిషి, రాత్రి కన్నాలు వేసేవాడు. ఈ హార్నుంగ్ ఎవరో కాదు, షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కానన్ డాయిల్‌కి స్వయానా బావ. డాయిల్ చెల్లెల్ని పెళ్లి చేసుకున్నాడు. నేరస్థుణ్ని హీరోని చేయడం ప్రమాదమని డాయిల్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆయన భయం అలా ఉండగానే, 1905లో ఫ్రాన్స్‌లో మోరిస్ లెబ్లాన్ ఆర్సేన్ లూపాన్‌ని పత్రికలోకి దించాడు. ఇందాక చెప్పిన సిరీస్‌కి మూలం ఆ లూపానే.

డాయిల్ భయమే తర్వాత టీవీకి నిబంధన అయింది. అమెరికాలో 1952లో ప్రసారకుల సంఘం ఒక నియమావళి తెచ్చుకుంది. నేరాన్ని ఆకర్షణీయంగా, సానుభూతి కలిగేలా చూపించకూడదు అన్నది అందులో ఒక మాట. సినిమాకైతే దారి సులువు. రెండు గంటలు దొంగని ప్రేమించనిచ్చి చివర్లో సంకెళ్లు వేయిస్తే సరిపోతుంది. సిరీస్‌లో అలా కుదరదు కదా! ఈ వారం జైల్లో వేస్తే వచ్చే వారం కథేమిటి?

దీనికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం చూడండి. 1968లో ఏబీసీ ఛానెల్‌లో 'ఇట్ టేక్స్ ఎ థీఫ్' మొదలైంది. రాబర్ట్ వాగ్నర్ హీరో. జైల్లో ఉన్న దొంగ దగ్గరికి ప్రభుత్వ గూఢచారి సంస్థ వచ్చి, మా కోసం దొంగతనాలు చేస్తే బయటికి తెస్తామంటుంది. దొంగతనం అదే, చాకచక్యం అదే, సొమ్ము మాత్రం శత్రుదేశానిది. నలభై ఏళ్ల తర్వాత 2009లో వచ్చిన 'వైట్ కాలర్'దీ ఇదే ఎత్తు. నీల్ కాఫ్రీ అనే ఫోర్జరీ నిపుణుణ్ని ఎఫ్‌బీఐ వాడుకుంటుంది. కాలికి ట్రాకర్ కట్టి, రెండు మైళ్లు దాటితే అలారం మోగుతుందంటారు. ఆ రెండు మైళ్ల గీత నాకు చాలా తెలివైన ఆలోచన అనిపిస్తుంది. దొంగని స్వేచ్ఛగా తిరగనిస్తూనే కట్టేసి ఉంచారు. ఎఫ్‌బీఐ ఏజెంట్ పీటర్ బర్క్‌కీ నీల్‌కీ మధ్య పెరిగే స్నేహం ఆరు సీజన్లు నడిపించింది. పారిపోతాడా, మాట నిలబెట్టుకుంటాడా అన్న టెన్షన్ చివరిదాకా పోదు.

ఇది మొదటి ఉపాయం. దొంగని చట్టం చేతిలో పెట్టడం. రెండో ఉపాయం ఇంకా బలమైనది. మోసపోవాల్సిన మనిషిని జాగ్రత్తగా ఎంచుకోవడం.

2004లో బీబీసీలో 'హసల్' వచ్చింది. టోనీ జోర్డన్ సృష్టి. ఎనిమిది సీజన్లు నడిచింది. లండన్‌లో ఐదుగురు మాయగాళ్ల బృందం. నాయకుడు మికీ బ్రిక్స్‌గా ఏడ్రియన్ లెస్టర్. వాళ్లకో సిద్ధాంతం ఉంది: నిజాయితీపరుణ్ని మోసం చేయలేం. అంటే దురాశ ఉన్నవాడే బుట్టలో పడతాడు, కాబట్టి వాడికి పడిన శిక్ష న్యాయమే. సరిగ్గా మోసం రక్తి కట్టే చోట పాత్రలు కెమెరా వైపు తిరిగి మనతో మాట్లాడతాయి. మనల్ని ముఠాలో చేర్చుకుంటాయి. ఒకసారి ముఠాలో చేరాక ఎదుటివాడి మీద జాలి ఎక్కడుంటుంది?

2008లో అమెరికాలో వచ్చిన 'లెవరేజ్' ఇంకో అడుగు ముందుకేసింది. నేట్ ఫోర్డ్ ఒకప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ దర్యాప్తు అధికారి. కొడుకు చికిత్సకు అదే కంపెనీ డబ్బివ్వనంది, పిల్లవాడు చనిపోయాడు. ఆ మనిషి ఒక హ్యాకర్నీ, ఒక దొంగనీ, ఒక నటినీ, ఒక పోరాటగాణ్నీ కూడగట్టి, కంపెనీల చేతిలో దగాపడ్డ మామూలు మనుషుల తరఫున దగాకోర్లనే దగా చేస్తాడు. దాదాపు ప్రతి ఎపిసోడ్ బాధితుడితో మొదలవుతుంది. భూమి పోయినవాళ్లు, పెన్షన్ పోయినవాళ్లు, కొడుకు పోయినవాళ్లు. వాళ్ల కథ విన్నాక విలన్‌ని ఎంత ఏడిపించినా మనకు తృప్తే.

దాని పనితనం గురించి కాసేపు చెప్పాలి. ఎపిసోడ్‌లో ముప్పావు భాగం అయ్యేసరికి పథకం బెడిసికొడుతుంది. ఎవరో దొరికిపోతారు. విలన్ నవ్వుతాడు. మన గుండె జారిపోతుంది. అప్పుడు వెనక్కి వెళ్లి, ఇందాక మనకు చూపించని ఒక నిమిషం చూపిస్తారు. దొరికిపోవడం కూడా పథకంలో భాగమే. ఆ చూపించని నిమిషం మీదే ఎపిసోడ్ మొత్తం నిలబడుతుంది. అక్కడ మోసపోయింది విలన్ ఒక్కడే కాదు, మనం కూడా. పైగా మోసపోయినందుకు సంతోషిస్తాం. ఇది రాయడం ఎంత కష్టమో రాసినవాళ్లకే తెలుసు. ఆ చూపించని నిమిషానికి ఆనవాలు ముందే ఎక్కడో వదలాలి. లేకపోతే ప్రేక్షకుడు "ఇదేం అన్యాయం" అంటాడు. మరీ ఎక్కువ వదిలితే ముందే పట్టేస్తాడు. చేతివాటం సీన్ల కోసం వీళ్లు అపోలో రాబిన్స్‌ని సలహాదారుగా పెట్టుకున్నారు. ఎదుటి మనిషికి చెప్పి మరీ వాచీ కొట్టేసి వేదిక మీద చూపించే ప్రదర్శనకారుడాయన. ఆయన విద్య అంతా ఎదుటివాడి ధ్యాసని పక్కకు మళ్లించడంలో ఉంటుంది. ఎడిటింగ్ బల్ల దగ్గర ఈ సిరీస్ చేసేది కూడా అచ్చంగా అదే.

'మనీ హైస్ట్' మీ అందరికీ తెలుసు. 2017 మేలో స్పెయిన్‌లో ఆంతెనా 3 ఛానెల్‌లో వచ్చినప్పుడు మొదట్లో బాగానే చూశారు, తర్వాత చూసేవాళ్లు తగ్గిపోయారు. నెట్‌ఫ్లిక్స్ తీసుకుని ఎపిసోడ్లు కత్తిరించి ప్రపంచం ముందు పెట్టాక అది ఎక్కడికి వెళ్లిందో చూశాం. నోట్ల ముద్రణాలయాన్ని పట్టుకునే దొంగల ముఠా కథ అది, ముఠా నాయకుడు ప్రొఫెసర్. ఆయన పథకంలో నాకు నచ్చేది ఎర్ర దుస్తులో మాస్కులో కావు, ఆయన వాదన. మనం ఎవరి డబ్బూ తీసుకోవడం లేదు, నోట్లు ముద్రించే చోటే కొత్తవి ముద్రించుకుంటున్నాం అంటాడు. యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ కూడా ఊరికే డబ్బు పుట్టించింది కదా అంటాడు. అంటే ఈ నేరంలో సొమ్ము పోగొట్టుకున్నవాడు లేడు. బాధితుణ్ని కథలోంచి పూర్తిగా తీసేయడమన్నమాట.

కానీ బందీలు? వాళ్లు లోపలే ఉన్నారు కదా. తలకు తుపాకీ ఆనించింది వాళ్లకే కదా. అక్కడ రచయితలు ఆర్తురోని సృష్టించారు. ఉద్యోగినితో సంబంధం పెట్టుకుని, గర్భం అనగానే ముఖం చాటేసేవాడు, పిరికివాడు, ప్రగల్భాలు పలికేవాడు. బందీల తరఫున గట్టిగా మాట్లాడేది అతనొక్కడే. దొంగల కంటే అతన్నే ప్రేక్షకులు ఎక్కువ తిట్టుకున్నారు. ఆ స్థానంలో ఒక మంచి మనిషిని, ఇంటి దగ్గర పిల్లలు ఎదురుచూస్తున్న మనిషిని పెట్టి ఉంటే ఎర్ర దుస్తులవాళ్లని మనం అంతగా ప్రేమించగలిగేవాళ్లమా? నాకు అనుమానమే.

ఇప్పుడు అసలు ప్రపంచానికి వద్దాం. 1940లో డేవిడ్ మౌరర్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త మాయగాళ్లతోనే మాట్లాడి, వాళ్ల మాటలూ పద్ధతులూ గ్రంథస్తం చేశాడు. పెద్ద మోసం ఒక్క దెబ్బలో జరగదని ఆయన వివరంగా చూపించాడు. మనిషిని ఎంచుకోవడం, పరిచయం పెంచుకోవడం, మొదట ఒక చిన్న మొత్తం గెలవనివ్వడం, ఎంత తేగలడో కూపీ లాగడం, ఇంటికి పంపి ఉన్నదంతా తెప్పించడం. ఆఖరి మెట్టు, వాడు పోలీసుల దగ్గరికి వెళ్లకుండా వదిలించుకోవడం. టీవీ రచయితలు ఈ మెట్లన్నీ వాడుకున్నారు, చివరిది తప్ప. ఆ చివరి మెట్టు దగ్గర 1952లో ఎర్వింగ్ గోఫ్‌మన్ అనే సామాజికశాస్త్రవేత్త ఆగి ఒక వ్యాసం రాశాడు. సొమ్ము చేతులు మారాక ముఠాలో ఒకడు వెనక ఉండిపోతాడట. మోసపోయినవాడి పక్కన కూర్చుని ఓదారుస్తాడు. ఏం చేస్తాం, ఇలాంటివి జరుగుతుంటాయి, నీ తప్పేం లేదు, మర్చిపో అని. పోయింది డబ్బు ఒక్కటే కాదని గోఫ్‌మన్‌కి అర్థమైంది. నేను తెలివైనవాణ్ని అని ఆ మనిషి తన గురించి తాను అనుకున్నది కూడా పోయింది. ఓదార్పు దానికోసం.

నాకు ఈ మాట చాలాకాలం బుర్రలో తిరిగింది. ఎందుకంటే మన సిరీస్‌లు మనకు చేసేదీ ఈ ఓదార్పే. వాడు దురాశాపరుడు, అది దొంగసొత్తే, అది ఎవరి డబ్బూ కాదు అని పక్కన కూర్చుని చెప్తాయి. మనం సర్దుకుంటాం.

నిజాయితీపరుణ్ని మోసం చేయలేమన్న సిద్ధాంతం టీవీలో వినడానికి బాగుంటుంది గానీ అది నిజం కాదు. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ వస్తే భయపడి నంబరు చెప్పినవాళ్లలో దురాశ ఏముంది? ఒంటరితనంలో ఎవరో ప్రేమగా మాట్లాడితే నమ్మినవాళ్లలో ఏముంది? ఇలా మోసపోయినవాళ్లు చాలామంది ఇంట్లో కూడా చెప్పుకోలేరు. బుద్ధి లేదా అంటారని సిగ్గు. దురాశ ఉన్నవాడే మోసపోతాడని మనం అన్నన్నిసార్లూ ఆ సిగ్గుకి మనం కూడా ఒక చెయ్యి వేస్తున్నాం. ఈ విషయంలో నాకు నిజంగా బాధ ఉంది, అందుకే గొంతు కాస్త పెరిగింది.

నిజ జీవిత కథలు తీసేటప్పుడు ఈ చిక్కు బయటపడుతుంది. 2020లో సోనీలివ్‌లో వచ్చిన 'స్కామ్ 1992' గొప్పగా తీసిన సిరీస్. మొదటి సీన్‌లోనే స్టేట్ బ్యాంక్ ఉద్యోగి ఒకాయన పత్రికాఫీసుకి వచ్చి, 500 కోట్లు లెక్కకు రావడం లేదని చెప్పలేక చెప్పలేక చెప్తాడు. ఆయన ముఖంలో ఆ భయం చూడండి. తర్వాత పది ఎపిసోడ్లలో అంత భయం నాకు మళ్లీ కనిపించలేదు. కానీ జనానికి గుర్తుండిపోయింది ఆ కుంభకోణం చేసిన స్టాక్ బ్రోకర్ హర్షద్ మెహతా పాత్ర నడక, డైలాగు, ఆ థీమ్ మ్యూజిక్. ఫోన్లలో రింగ్‌టోన్ కూడా అయింది. ప్రతీక్ గాంధీ అంత బాగా చేశాడు మరి.

2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'ఇన్వెంటింగ్ అన్నా'లో చిక్కు ఇంకా సూటిగా ఉంది. జర్మన్ కోటీశ్వరురాలినని చెప్పుకుని న్యూయార్క్‌లో తిరిగిన అన్నా సోరోకిన్ కథ. 2019లో ఆమెకు శిక్ష పడింది. మొరాకో విహారంలో సుమారు 62,000 డాలర్ల ఖర్చు ఆమె స్నేహితురాలి కార్డుల మీద పడింది. ఆ అభియోగంలో మాత్రం జ్యూరీ అన్నాని నిర్దోషి అంది. సిరీస్ వచ్చాక ఆ స్నేహితురాలు, నన్ను తప్పుగా చూపించారంటూ నెట్‌ఫ్లిక్స్ మీద పరువు నష్టం దావా వేసింది. దావా న్యాయాన్యాయాల జోలికి నేను వెళ్లను. రచయితలుగా మనం గమనించాల్సింది వేరే ఉంది. సిరీస్‌లో అన్నా మీద ఎన్ని నిమిషాలు పెట్టారు, ఆ బిల్లు చేతికి వచ్చిన అమ్మాయి మీద ఎన్ని పెట్టారు?

ఇక నాకు అన్నిటికంటే గొప్పదనిపించే సిరీస్ దగ్గరికి వస్తాను. 'బెటర్ కాల్ సాల్'. 2015 నుంచి 2022 దాకా. జిమ్మీ మెక్‌గిల్ అనే లాయర్. ముసలివాళ్ల కేసులు చూస్తాడు, వాళ్లకు అతనంటే ప్రాణం. ఐరీన్ అనే పెద్దావిడ పేరు మీద ఒక వృద్ధాశ్రమం మీద కేసు నడుస్తోంది. ఆవిడ రాజీకి ఒప్పుకుంటే జిమ్మీ వాటాకి పది లక్షల డాలర్ల పైన వస్తాయి. ఆవిడ లాయర్లు ఆగమన్నారు, ఆవిడ ఆగుతోంది. మూడో సీజన్ చివర్లో జిమ్మీ ఏం చేస్తాడంటే, ఆవిడ స్నేహితురాళ్లనే ఆవిడ మీదికి తిప్పుతాడు. ఆవిడ కాళ్లకున్న కొత్త షూస్ వాళ్ల కంట్లో పడేలా చేస్తాడు. ఈవిడకు డబ్బుంది, మన సంగతి పట్టదు అనుకుంటారు. తర్వాత బింగో, మన తంబోలా లాంటి ఆట. ఆ ఆటని తానే నడుపుతూ అంకెలున్న బంతులు మార్చేసి ఐరీన్ గెలిచేలా చేస్తాడు. ఆవిడ ఆనందంగా లేచి అరుస్తుంది. గదిలో ఒక్క చప్పట్లు లేవు. ఒక్కరూ ముఖం తిప్పి చూడరు.

ఇక్కడ కెమెరా ఐరీన్‌ని వదలదు. ఆవిడ బయటికి వెళ్లి ఏడుస్తుంది. జిమ్మీ వెళ్లి పక్కన కూర్చుని ఓదారుస్తాడు. గోఫ్‌మన్ చెప్పిన మనిషి గుర్తొచ్చాడా? ఓదార్చేవాడూ అతనే, ఏడిపించినవాడూ అతనే. ఆ సీన్ చూశాక జిమ్మీ ఎంత సరదాగా మాట్లాడినా నేను మునుపటిలా నవ్వలేకపోయాను. రచయితలు కోరుకున్నది అదేనని నా నమ్మకం. మోసంలో చమత్కారం తగ్గించలేదు. బంతులు మార్చే పద్ధతి చూస్తే 'హసల్' వాళ్లు కూడా శభాష్ అంటారు. తగ్గించకుండానే, ఆ చమత్కారం వెళ్లి ఎవరికి తగిలిందో చూపించారు.

ఆఖరి సీజన్‌లో మారియన్ వస్తుంది. కెరొల్ బర్నెట్ వేసింది. లాప్‌టాప్‌లో పిల్లుల వీడియోలు చూసుకునే పెద్దావిడ. మారుపేరుతో దాక్కున్న జిమ్మీ ఆవిడతో స్నేహం చేసుకుని, ఆవిడ కొడుకుని తన మోసాల్లోకి లాగుతాడు. కొడుకు అరెస్టు అయ్యాక ఆవిడకు అనుమానం వచ్చి ఇంటర్నెట్‌లో వెతికితే ఇతని పాత ప్రకటన దొరుకుతుంది. ఆ భాగమంతా నలుపు తెలుపులో తీశారు. ఆ ప్రకటన ఒక్కటే రంగుల్లో, జిమ్మీ కళ్లద్దాల మీద మెరుస్తుంది. ఆవిడ పోలీసులకి ఫోన్ చేయబోతే ఇతను ఫోను తీగ పీకి చేతికి చుట్టుకుని దగ్గరికి వస్తాడు. ఆవిడ అంటుంది, నిన్ను నమ్మాను అని. అతని చేతులు దిగిపోతాయి. ఆవిడ మెడలో ఉన్న అలారం బటన్ నొక్కుతుంది.

1849లో న్యూయార్క్‌లో విలియం థాంప్సన్ అని ఒకడుండేవాడు. దారిన పోయే పెద్దమనుషుల్ని పలకరించి, రేపటిదాకా మీ వాచీ నాకిచ్చేంత నమ్మకం ఉందా మీకు అని అడిగేవాడు. ఇచ్చేవాళ్లు. అతన్ని చివరికి పట్టించింది కూడా అలా వాచీ ఇచ్చినవాడే. వీధిలో చూసి గుర్తుపట్టాడు. మారియన్ సీన్ చూసినప్పుడల్లా నాకు ఆ వాచీ ఇచ్చిన మనిషే గుర్తొస్తాడు. ఇలాంటివాళ్లకి మన కథల్లో చోటు ఎందుకు ఇంత తక్కువ?

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభలోంచి ఒకరు: అలా రాస్తే సరదా అంతా పోదా అండీ? జనం ఇవి చూసేదే సరదా కోసం కదా.)

మంచి ప్రశ్న అండి. పోదు. 'లెవరేజ్' చూడండి, బాధితుడు మొదటి సీన్‌లోనే ఉంటాడు, సరదా ఏమైనా తగ్గిందా? 'లూపాన్'లో కూడా అసాన్ తండ్రే అసలు బాధితుడు. చేయని దొంగతనం మీద వేసి జైలుకి పంపారు, అక్కడే పోయాడు. ఆ బాధ ఉండబట్టే కొడుకు వేషాలు అంత బాగుంటాయి. నేను అడిగేది సరదా తగ్గించమని కాదు. ఎదుటి పాత్రకి ఒక ఇల్లు, ఒక పేరు, ఒక మర్నాడు ఇవ్వమని. అలా ఇచ్చాక కూడా మీ దొంగ ప్రేక్షకుడికి నచ్చాడంటే అప్పుడు మీరు నిజంగా రాశారన్నమాట.

(మరొకరు: మాకు ఏదైనా పని ఇవ్వండి సార్, రాసుకొస్తాం.)

సరే. మీకు బాగా నచ్చిన ఒక మోసం సీన్ తీసుకోండి, ఏ సిరీస్‌దైనా సరే. దాని మర్నాడు పొద్దున మోసపోయినవాడి ఇంట్లో జరిగే సీన్ రాయండి. మూడు పేజీలు చాలు. దొంగ అందులో కనిపించకూడదు. ఇంట్లో మొదట ఎవరికి తెలిసింది, ఎలా తెలిసింది, అతను ఎంతవరకు చెప్పాడు, ఏది దాచాడు, ఇవి ఉండాలి. ఓదార్చే పాత్ర పెట్టకండి. రాసినవి ముందు మీలో మీరు మార్చుకుని చదవండి, తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం.